ఉట్టిలో డిజిటల్ పెట్టె

తెలివి ఎక్కువైనవాళ్ళ సంగతులు రోజూ వింటూనే ఉంటాం. ఇవాళ తెలివిని బొత్తిగా వాడకుండా దాచుకున్నవాళ్ళ సంగతి చెబుతాను. నవ్వొస్తే ఇక్కడే నవ్వేయండి. వాళ్ళ ఎదురుగా మాత్రం నవ్వకండి, ఎందుకు నవ్వారో విడమరిచి చెప్పేదాకా వాళ్ళు మిమ్మల్ని వదలరు.

వెలగలపాడులో చింతగుంట్ల వారిల్లని ఒకటుంది. ఇంట్లో నలుగురు మనుషులు. పెద్దావిడ పేరిందేవమ్మ, డెబ్భై ఎనిమిదేళ్ళది. ఆమె పెద్దకొడుకు కోటిలింగం, ఇంటికి యజమాని. అతని భార్య వజ్రమ్మ. తమ్ముడు అంకినీడుకి నలభై వస్తున్నా ఇంకా పెళ్ళి కాలేదు. పెళ్ళిచూపుల్లో "అమ్మాయిని చూసుకో బాబూ" అన్నారట. అంతే, పొద్దు వాలేదాకా రెప్ప వాల్చకుండా చూస్తూనే కూర్చున్నాడట. ఆ పిల్ల భయపడి మేనమామ ఇంటికి వెళ్ళిపోయింది.

ఊళ్ళో వాళ్ళని ఏమనుకునేవారో నేను చెప్పను. వాళ్ళని వాళ్ళు మాత్రం మహా తెలివైనవాళ్ళం అనుకునేవారు. "మాకు చెప్పింది చెప్పినట్టు చెయ్యటం తెలుసు. అందులో సొంత తెలివి చిటికెడు కూడా కలపం" అని కోటిలింగం సొసైటీ ఆఫీసు అరుగు మీద కూర్చుని అందరికీ వినపడేట్టు చెప్పేవాడు. పాలల్లో నీళ్ళు కలిపేవాడినైనా క్షమిస్తాడు గానీ, మాటలో సొంత తెలివి కలిపేవాడిని చూస్తే అతనికి ఒళ్ళు మండేది.

వాళ్ళింట్లో పెట్టెలాంటి పాత టీవీ ఉంది. పెంకుల మీద పొడుగాటి ఇనప పైపు, దాని కొసన చేపముల్లులాంటి యాంటెన్నా. ఊరంతా కేబుల్ పెట్టించుకున్నా వీళ్ళు పెట్టించుకోలేదు. కేబుల్ వాడు వచ్చి "ఆలోచించుకుని చెప్పండి" అన్నాడు. ఆరేళ్ళయింది, ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు.

ఇలా ఉండగా వేసవికి ముందు టీవీ వాళ్ళు జీపులో ఊరికి వచ్చారు. పాతకాలం దంపుళ్ళ పాటలు ఎవరికొచ్చని అడిగితే ఊరంతా పేరిందేవమ్మ పేరు చెప్పింది. ఆ విషయంలో ఊరు వాళ్ళని ఎగతాళి చెయ్యలేదు సుమండీ. ఆవిడ రోకలి పట్టి పాట ఎత్తుకుంటే గొడ్లు కూడా నెమరు ఆపి వినేవి. టీవీ వాళ్ళు ఆవిడని రోటి దగ్గర నిలబెట్టి, పాట పాడించి, కెమెరాలో పట్టుకుని వెళ్ళారు.

ఆ రోజు నించీ పేరిందేవమ్మకి ఒకటే కోరిక.

"అరవై ఏళ్ళు పాడాను రా అబ్బాయ్. ఎప్పుడూ రోట్లోకి చూస్తానే పాడాను. పాడేటప్పుడు నా మొహం ఎట్టుంటదో నాకు తెలవదు. అద్దం ముందు పాడదామంటే సిగ్గేసి గొంతు పెగలదు. ఒక్కసారి చూసుకుంటే చాలు" అనేది. అలా అనేటప్పుడు ఆవిడ కళ్ళు చంటిపిల్ల కళ్ళలా మెరిసేవి. నాకైతే జాలేసేది.

ఒక బుధవారం పొద్దున్నే టీవీ వాళ్ళ ఉత్తరం వచ్చింది. ఆదివారం పదకొండు గంటలకి పేరిందేవమ్మ పాట వేస్తున్నామని రాశారు. ఇంకేముంది, ఇంట్లో పండగ. వజ్రమ్మ పాయసం వండింది. పాయసం తాగుతూ టీవీ పెట్టారు. అందులో ఒకాయన నిలబడి చెబుతున్నాడు.

"ప్రేక్షకులు గమనించగలరు. రేపు ఉదయం ఆరు గంటల నుంచి మన కొండ మీది పాత ప్రసారం ఆగిపోతుంది. దాని స్థానంలో డిజిటల్ ప్రసారం మొదలవుతుంది. యూరప్‌లో దేశాలు ఒకటొకటిగా ఈ మార్పు ఎప్పుడో చేసుకున్నాయి. ఇప్పుడు మన వంతు. ఎవరూ ఆందోళన చెందవద్దు."

తేదీ చెబుతూ ఇలాంటి ప్రకటన మూడు నెలలుగా రోజూ వస్తూనే ఉంది. గమనించమన్నారు కదా అని వీళ్ళు రోజూ శ్రద్ధగా గమనించారు. అంతకు మించి ఏం చెయ్యాలో ఆయన చెప్పలేదు, వీళ్ళు చెయ్యలేదు. ఈసారి మాత్రం పేరిందేవమ్మ పాయసం గ్లాసు కింద పెట్టేసింది.

"రేపే ఆగిపోద్దంటన్నాడు కదరా. మరి ఆదివారం నా పాటో?"

"ఆందోళన చెందొద్దన్నాడమ్మా" అన్నాడు కోటిలింగం గట్టిగా. "ఈ ఇంట్లో ఎవరూ చెందటానికి వీల్లేదు. యూరప్‌లో ఎప్పుడో ఆపేశారంట, విన్నావుగా? పాపం అక్కడివాళ్ళంతా ఇన్నేళ్ళ నించీ ఆందోళన చెందకుండా కూర్చునే ఉన్నారు."

"టీవీ లేకుండానా?" అంది వజ్రమ్మ.

"లేకుండానే. అందుకే వాళ్ళు గొప్పోళ్ళయ్యారు."

వజ్రమ్మకి ఆ గొప్పతనం రుచించలేదు. ఆవిడ బుగ్గ మీద వేలు పెట్టుకుని కాసేపు కూర్చుంది. ఆవిడ అలా కూర్చుంటే ఇంటికి ఏదో మూడిందన్నమాట.

"ఏమయ్యా, మనం ఈ టీవీ కొన్నప్పుడు కొట్టు వాళ్ళేం చెప్పారు? బొమ్మ గాల్లోనే వస్తందమ్మా అన్నారా లేదా?"

"అన్నారు."

"రేపు ఆరింటికి ఆగిపోయేది బయట నించి వచ్చే గాలి. ఇంట్లోకి ఇప్పటికే వచ్చిన గాలి మనది కదా? దాన్ని బయటికి పోనీకుండా పట్టుకుంటే ఆదివారం దాకా రాదా?"

కోటిలింగం భార్య వంక మెచ్చుకోలుగా చూశాడు. ఇంకేముంది, నలుగురూ నడుం బిగించారు. కిటికీలు మూశారు. తలుపుల సందుల్లో పాత చీర పీలికలు కుక్కారు. పెంకుల మధ్య వెలుతురు కనపడితే అంకినీడు అటక ఎక్కి తడిపిండి పూశాడు. ఫ్యాను తిరిగితే గాలి చెదిరిపోతుందని దాన్నీ ఆపేశారు. అసలే మే నెల. చెమటలు కాలవలు కట్టాయి. పేరిందేవమ్మ విసనకర్ర తీసుకోబోతే వజ్రమ్మ లాగేసుకుంది.

"అత్తా! నీ మొహం ఉండే గాలి అది. దాన్ని నువ్వే కొడతావా?"

"అమ్మమ్మో, వద్దులేవే" అని పేరిందేవమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చుంది. ఊపిరి కూడా పొదుపుగా పీల్చింది.

గురువారం ఆరు గంటలయింది. టీవీ పెట్టారు. బొమ్మ లేదు. తెరనిండా తెల్లచుక్కలు, నల్లచుక్కలు, బియ్యం జల్లెడ పట్టినట్టు బరబరమని శబ్దం.

నలుగురూ దగ్గరికి వెళ్ళి చూశారు. పేరిందేవమ్మ ముక్కు ఆనించి మరీ చూసింది. దంపుడు సంగతి ఆవిడకి తెలిసినంత ఎవరికి తెలుసు?

"ఒసే వజ్రా, నూకలైపోయిందే" అంది. "గాలిని మరీ ఒత్తుగా కుక్కేశాం. బొమ్మ నలిగి నూకలైంది."

"మరి గింజ మిగిలే ఉంటదా అత్తా?"

"ఉండకేం? చెరగాలి."

అంతే. చేట వచ్చింది. పేరిందేవమ్మ టీవీ ముందు మఠం వేసుకుని కూర్చుని, చేటని తెరకి ఆనించి, కిందికీ పైకీ ఎగరేస్తూ చెరగడం మొదలుపెట్టింది. నూక ఒకపక్కకి, తవుడు ఒకపక్కకి పోతే నడిమధ్య మనుషుల బొమ్మలు మిగులుతాయని ఆవిడ లెక్క. మధ్యాహ్నందాకా చెరిగింది. తెర మీది దుమ్మంతా చేటలోకి రాలింది. "చూశారా తవుడు!" అని అందరికీ చూపించింది. బొమ్మ మాత్రం రాలేదు. పెద్దావిడకి జబ్బలు లాగేశాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోటిలింగం ఆ నీళ్ళు చూసి, ఎవరూ చెందకూడదన్న మాట గుర్తుచెయ్యడానికి నోరు రాక బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

శుక్రవారం అన్నదమ్ములిద్దరూ బస్సెక్కి టౌనుకి వెళ్ళారు. అక్కడ మస్తాన్ అని టీవీలు బాగుచేసే ఆయన ఉన్నాడు. వాళ్ళకి టీవీ అమ్మింది ఆయన తండ్రే. మస్తాన్ మంచివాడు, ఓపికగలవాడు. కానీ ఏ ఓపికకైనా ఒక హద్దుంటుంది కదా.

"ఇందులో కంగారేం లేదన్నా" అని మస్తాన్ ఒక నల్లటి చిన్న పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. "మీ యాంటెన్నా అదే పనికొస్తది. ఈ డిజిటల్ పెట్టెని యాంటెన్నాకీ టీవీకీ మధ్యలో పెట్టండి. పైనించి వచ్చే వైరు దీంట్లోకి, దీంట్లోనించి ఇంకో వైరు టీవీలోకి. తర్వాత రిమోట్ మీద ఇది నొక్కితే అదే వెతుక్కుంటది. అంతే."

"మధ్యలో" అన్నాడు కోటిలింగం.

"మధ్యలోనే అన్నా."

"విన్నావా అంకినీడూ? మధ్యలో."

"విన్నా అన్నయ్యా. మధ్యలో."

మస్తాన్‌కి ఆ క్షణంలోనే అనుమానం రావలసింది. రాలేదు. వైర్లూ ప్లగ్గులూ అన్నీ పొడుగ్గానే ఇచ్చి పంపించాడు, అదే ఆయన చేసిన పొరపాటు.

ఇంటికి రాగానే అంకినీడు బావి చేంతాడు పట్టుకుని పైపెక్కాడు. యాంటెన్నా మొదలు టీవీ దాకా కొలిచాడు. ఇరవైనాలుగు మూరలు వచ్చింది. పన్నెండో మూర దగ్గర పసుపు రాశారు. ఆ పసుపు చుక్క వసారాలో, నేలకీ కప్పుకీ నడుమ, శూన్యంలో వేళ్ళాడింది.

"ఇక్కడ బల్లా లేదు, గోడా లేదు" అంది వజ్రమ్మ. "కాస్త ఇటు జరిపి గూట్లో పెడితే?"

"వజ్రా!" అన్నాడు కోటిలింగం. "సొంత తెలివి!"

వజ్రమ్మ నాలిక కరుచుకుంది. అప్పుడు పేరిందేవమ్మ వసారా దూలానికి వేళ్ళాడే ఉట్టి వంక చూసింది. ఇంకేముంది, పెరుగు కుండ కిందికి దిగింది, డిజిటల్ పెట్టె పైకెక్కింది. ఉట్టి తాళ్ళు బిగించి, వదిలి, మళ్ళీ బిగించి, పెట్టెని పసుపు చుక్కకి సరిగ్గా ఎదురుగా నిలబెట్టారు. వైర్లు తగిలించారు. పెట్టెకి పచ్చదీపం వెలిగింది. సాయంత్రం పెరుగు కోసం అలవాటుగా వచ్చిన పిల్లి తలెత్తి ఆ దీపం వంక చూసింది, దీపం దాని వంక చూసింది. పిల్లి మళ్ళీ ఆ ఇంటి గడప తొక్కలేదు.

శనివారం పొద్దున్నే స్నానాలు చేసి, పెట్టెకి కుంకం బొట్టు పెట్టి, రిమోట్ నొక్కారు. తెర నీలంగా మారింది. దాని మీద తెలుగులోనే అక్షరాలు వచ్చాయి. అంకినీడు కూడబలుక్కుని చదివాడు.

"వెతుకుతోంది. దయచేసి వేచి ఉండండి."

పేరిందేవమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "అయ్యో, ఏం పోగొట్టుకుందిరా?"

"చెప్పలేదమ్మా. వెతుకుతోంది అనే ఉంది."

"కొత్తిల్లు కదా దానికి. ఏది ఎక్కడుందో పాపం ఏం తెలుస్తది? చూస్తా కూర్చుంటారా? మీరూ ఓ చెయ్యి వెయ్యండి!"

అంతే, వెతుకులాట మొదలైంది. మంచాల కింద, గాదెలో, బియ్యం డబ్బాలో, తలగడల్లో. ఏం వెతుకుతున్నారో తెలియదు కనక దొరికినదల్లా తెచ్చి టీవీకి చూపించారు. పోయిందనుకున్న వెండి మెట్టె ఒకటి దొరికింది. "ఇదేనా?" అని వజ్రమ్మ దాన్ని తెర ముందు పట్టుకుంది. అంకినీడు ఒంటికాలి చెప్పు తెచ్చాడు. కోటిలింగం తన పెళ్ళినాటి కళ్ళజోడు పెట్టె తెచ్చాడు. తెర ఏ ఒక్కటీ ఒప్పుకోలేదు. గంట తర్వాత అక్షరాలు మారాయి.

"ఏమీ దొరకలేదు. మళ్ళీ వెతకమంటారా? సరే. వద్దు."

వజ్రమ్మ మెత్తని మనిషి. రిమోట్ ఆవిడ చేతిలోనే ఉంది.

"మళ్ళీనా? మనమే అలిసిపోయాం, అదింకెంత అలిసిపోయిందో" అని 'వద్దు' నొక్కింది. "పడుకోమ్మా, రేపు చూసుకుందాం" అని ఉట్టి వైపు తిరిగి చెప్పింది కూడా.

సాయంత్రం కోటిలింగం మస్తాన్‌కి ఫోన్ చేశాడు. బొమ్మ రాలేదన్నాడు.

"అయితే యాంటెన్నా పాత టవరు వైపే ఉండుంటది అన్నా. కొత్త టవరు వేరే దిక్కున పెట్టారు. పొద్దున్నే ఒకళ్ళు పైకెక్కి యాంటెన్నాని మెల్లగా తిప్పుతా ఉండండి. ఒకళ్ళు కింద టీవీ చూస్తా ఉండండి. రిమోట్‌లో ఈసారి 'సరే' నొక్కండి. వచ్చేస్తది."

ఆదివారం తెల్లారింది. పేరిందేవమ్మ పట్టుచీర కట్టుకుంది. ముత్తయిదువులు పేరంటానికి వచ్చేముందు సర్దుకున్నట్టు తలదువ్వుకుని, బొమ్మలో ఉన్న తనకి ఎదురుపడబోతున్నాను కదా అని విభూది కూడా దిద్దుకుంది. టీవీ ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. ఆరు గంటలకి అంకినీడు పైపెక్కి తిప్పడం మొదలుపెట్టాడు. కోటిలింగం కుర్చీ వేసుకుని టీవీ చూడడం మొదలుపెట్టాడు. వజ్రమ్మ 'సరే' నొక్కి వంటింట్లోకి వెళ్ళింది.

ఏడు గంటలకి బొమ్మ వచ్చింది! ఎవరో వరి నారు గురించి చెబుతున్నారు. అద్దంలా ఉంది బొమ్మ. అంకినీడు తిప్పుతూనే ఉన్నాడు. బొమ్మ పోయింది. ఒక చుట్టు తిరిగాక మళ్ళీ వచ్చింది. మళ్ళీ పోయింది. అలా ఎనిమిదిసార్లు వచ్చింది, ఎనిమిదిసార్లు పోయింది. కోటిలింగం అన్నీ చూశాడు.

వజ్రమ్మ కాఫీ తెచ్చి, వస్తూ పోతూ ఉన్న బొమ్మని చూసి కొయ్యబారిపోయింది. "ఏమయ్యా! వచ్చినప్పుడు ఆపమని అరవ్వేం?"

"చూస్తా ఉండమన్నాడు. అరవమనలేదు" అన్నాడు కోటిలింగం, కళ్ళు తిప్పకుండా.

వజ్రమ్మ కాఫీ గ్లాసు అతని చేతికిచ్చి తలూపింది. నిజమే మరి, అరవమనలేదు.

పైన అంకినీడు సంగతి వేరుగా ఉంది. యాంటెన్నాతో పాటు వైరూ తిరుగుతోంది కదా. మొదట అది పైపుకి చుట్టుకుంది. తర్వాత అంకినీడు కాళ్ళకి, తర్వాత నడుముకి. తిప్పుతా ఉండమన్నారు గనక అతను తిప్పుతూనే ఉన్నాడు. వైరు బిగిసేకొద్దీ వసారాలో ఉట్టి పైకి లేచింది. ఉట్టిలో పెట్టె దూలానికి గుద్దుకుని పచ్చదీపం కాస్తా ఎర్రదీపమైంది. పెట్టెకి కట్టిన రెండో వైరు టీవీని లాగింది. టీవీ బల్ల దిగి, నేల మీద జానెడు జానెడు పాకుతూ గుమ్మం వైపు ప్రయాణం కట్టింది. చూస్తా ఉండాలి కదా, కోటిలింగం కూడా కుర్చీ జానెడు జానెడు జరుపుకుంటూ దాని వెంటే వెళ్ళాడు. పేరిందేవమ్మ పీట జరుపుకుంది. తొమ్మిదయ్యేసరికి టీవీ గుమ్మంలో ఇరుక్కుంది. తెర నల్లబడింది. పైన అంకినీడు పైపుకి నిలువునా చుట్టబడి, కనుబొమలు మాత్రమే తిప్పగలిగే స్థితిలో ఉన్నాడు.

పేరిందేవమ్మ గడియారం వంక చూసింది. నల్లటి తెర వంక చూసింది. అప్పటిదాకా పట్టిన పట్టు వదిలేసింది. పట్టుచీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడిచింది.

"నా మొహం నేను చూసుకునే రాత లేదురా అబ్బాయ్. ఇంకెన్నాళ్ళుంటాను నేను?"

కోటిలింగం కుర్చీలోంచి లేచాడు. టీవీ వైపు చూడడం మానేశాడు. ఆ ఇంట్లో చెప్పిన మాట తప్పడం అదే మొదటిసారి. తల్లి పక్కన చతికిలబడి, "చెందమ్మా, నువ్వు చెందు. నేనూ చెందుతాను" అని తనూ ఏడిచాడు. ఈ కథ చెప్పేటప్పుడు నేను నవ్వని చోటు ఇదొక్కటే.

వజ్రమ్మ మస్తాన్‌కి ఫోన్ చేసింది. "అన్నయ్యా, బొమ్మ రాలేదు. నువ్వు చెప్పినవన్నీ చెప్పినట్టే చేశాం."

ఆ చివరి మాట వినగానే మస్తాన్ ఫోన్ పెట్టేశాడు. కొట్టు మూసి మోపెడ్ ఎక్కాడు. పదింబావుకి వెలగలపాడు చేరాడు. వసారాలో నిలబడి, దూలానికి అతుక్కున్న ఉట్టిని, గుమ్మంలో ఇరుక్కున్న టీవీని, పెంకుల మీద కట్టిపడేసిన మనిషిని వరసగా చూశాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. అడిగితే చెబుతారని భయం.

ముందు అంకినీడుని విప్పాడు. ఇద్దరూ కలిసి టీవీని గుమ్మంలోంచి లాగి, మళ్ళీ బల్ల ఎక్కించి, ఊడిన ప్లగ్గు పెట్టారు. యాంటెన్నాని తూర్పుకి తిప్పి తీగతో కట్టేశాడు. పెట్టెని ఉట్టిలోంచి దింపి టీవీ పక్కన పెడుతుంటే కోటిలింగం "మధ్యలో కదా?" అన్నాడు. మస్తాన్ రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు.

పదకొండుకి ఐదు నిమిషాలు ఉందనగా బొమ్మ వచ్చింది. నలుగురూ ఒకరినొకరు వాటేసుకున్నారు. పేరిందేవమ్మ మస్తాన్ తల నిమిరి, "నీ కడుపు చల్లగా ఉండ, కొడుకా" అంది.

"నా కష్టమేం లేదు పెద్దమ్మా. నువ్వు చూసుకో, చాలు" అన్నాడు మస్తాన్. కొట్టు మూసి వచ్చాడు గనక ఉండలేకపోయాడు. మోపెడ్ ఎక్కుతూ, వెనక్కి తిరిగి వేలెత్తి మరీ చెప్పాడు. "ఒక్క మాట. దేన్నీ ముట్టుకోవద్దు."

అంతే, నలుగురూ చేతులు గాల్లోకి ఎత్తేశారు. కుర్చీ ముట్టుకోకూడదని కోటిలింగం నిలబడే ఉన్నాడు. ఈగ వచ్చి అంకినీడు ముక్కు మీద వాలితే మూతి అటూ ఇటూ తిప్పి తోలాడు గానీ చెయ్యి దించలేదు. ఊళ్ళోవాళ్ళు నలుగురైదుగురు పాట చూద్దామని వచ్చి, చేతులెత్తి నిలబడ్డ ఆ ఇంటివాళ్ళని చూసి, ఏదో మొక్కు కాబోలనుకుని తామూ చేతులెత్తారు.

పదకొండు కొట్టింది. తెర మీద రోలు కనపడింది. రోకలి కనపడింది. తర్వాత పేరిందేవమ్మ.

పాట ఎత్తుకుంది. రోకటి పోటు పడినప్పుడల్లా ముసలావిడ మొహంలో ఏదో వెలుగు వచ్చి పోతోంది. కళ్ళు సగం మూతపడి ఉన్నాయి. పీట మీద కూర్చున్న పేరిందేవమ్మ ఎత్తిన చేతులతోనే ముందుకి వంగింది.

"మా అమ్మరా" అంది. "పాడేటప్పుడు నేను అచ్చం మా అమ్మలా ఉంటానన్నమాట. నాకు ఎవ్వరూ చెప్పలేదు. అరవై ఏళ్ళు అమ్మ నాతోనే ఉందిరా."

వజ్రమ్మ ముక్కు ఎగబీల్చింది. తుడుచుకోడానికి లేదు కదా, చేతులు పైనున్నాయి. వచ్చినవాళ్ళూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఇక్కడితో ఆగిపోతే ఎంత బాగుండేదో. ఆగలేదు.

పాట అయింది. తెర మీది పేరిందేవమ్మ రోకలి పక్కన పెట్టి, చెమట తుడుచుకుని, ఆయాసపడుతూ అంది. "ఇంకో పాట పాడతాను గానీ, గొంతు ఎండిపోయింది. కాసిని మంచినీళ్ళు పొయ్యమ్మా."

వజ్రమ్మ ఉలిక్కిపడింది. అత్తగారు నీళ్ళడిగితే పొయ్యని కోడలు కాదు ఆవిడ. వంటింట్లోకి పరిగెత్తి, చెంబు ముట్టుకోవచ్చా లేదా అని ఒక్క క్షణం తటపటాయించి, దాహం విషయంలో దేవుడు క్షమిస్తాడులే అనుకుని, నిండు చెంబుతో వచ్చింది. పీట మీది అత్తగారికి అందించింది.

పేరిందేవమ్మ విసుక్కుంది. "నాకెందుకే? నేను ఇప్పుడేగా కాఫీ తాగాను. అడిగింది ఆవిడ. చూడు, పాపం ఎట్టా రొప్పుతందో!"

వజ్రమ్మ తెర వంక చూసింది. నిజమే, రొప్పుతోంది.

"ముట్టుకోకుండా పొయ్యి" అన్నాడు కోటిలింగం, మస్తాన్ మాట మీద గౌరవంతో.

ఇంకేముంది! వజ్రమ్మ చెంబు పైకెత్తి, తడి చెయ్యి తగలకుండా, ధార తెగకుండా, మర్యాదగా టీవీ నెత్తిన పోసింది. టీవీ గుటకేసినట్టు ఒకసారి గుడగుడమంది. తర్వాత ఠప్పుమంది. తెల్లటి పొగ ఒక పాయ పైకి లేచింది. తెర మెల్లగా నల్లబడిపోయింది.

ఊళ్ళోవాళ్ళు నోళ్ళు తెరిచారు. ఇంటివాళ్ళు మాత్రం సంతృప్తిగా తలలూపారు.

"చూశారా, గొంతు తడవగానే ఎట్టా కళ్ళు మూసిందో" అన్నాడు కోటిలింగం గుసగుసగా. "పొద్దుట నించీ అలిసిపోయి ఉంది. ఎవరూ చప్పుడు చెయ్యొద్దు. లేచాక రెండో పాట పాడుద్ది."

అంకినీడు కాళ్ళ మునివేళ్ళ మీద వెళ్ళి దుప్పటి తెచ్చాడు. దాన్ని టీవీ మీద, మెడ అనుకున్న చోటుదాకా, మెత్తగా కప్పాడు. నలుగురూ చుట్టూ కూర్చున్నారు. మధ్యాహ్నమైంది, ఎండ వాలింది. పాట ఎంత బాగా వచ్చిందో కనుక్కుందామని మస్తాన్ తిరిగి వచ్చి గుమ్మంలోంచి, "పెద్దమ్మా! చూసుకున్నావా?" అని కేకేశాడు.

"ష్!" అన్నాడు కోటిలింగం. "మెల్లగా. అమ్మ పడుకుంది."

పక్కనే కూర్చున్న పేరిందేవమ్మ నోటి మీద వేలు పెట్టుకుని, "అవును కొడుకా, మెల్లగా మాట్లాడు. ఇప్పుడే నిద్రపోయాను" అంది.